దుప్పటి పాట

'మురికినీళ్ళు' అనే మా బృందం చరిత్ర రాసిమ్మని ఈ మధ్య ఒక పత్రిక నడిపే పిల్లలు అడిగారు. రెండు పేజీలు చాలట, పాత ఫొటో ఉంటే ఇంకా మంచిదట. తిరుగుబాటు, ధిక్కారం లాంటి మాటలు నాలుగైదు పడేలా చూడమని కూడా చెప్పి వెళ్ళారు. పాపం వాళ్ళకేం తెలుసు. రాస్తాను గానీ వాళ్ళడిగినట్టు రాయడం నావల్ల కాదు. నాకు మొదటి నుంచీ ముక్కుమీద కోపం. ఇన్నాళ్ళూ అది ఊరందరి మీదా ఉండేది. ఇప్పుడు చాలావరకు నామీదే.

మేం నలుగురం. గిటారు వాయించేవాణ్ణి మెకానిక్ అనేవాళ్ళం. బైకులు బాగుచేసే షెడ్డు వాడిది. డ్రమ్స్ వాయించేవాడు బకెట్. లాండ్రీలో ఉతికే విభాగంలో పనిచేస్తూ, పగిలిన సబ్బు డ్రమ్ములూ, తుప్పుపట్టిన మూతలూ మోసుకొచ్చి వాటినే వాయించేవాడు. బేస్ గిటారు ప్రెస్సుది. అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు, మాలో పుస్తకాలు చదివినవాడు వాడొక్కడే. పంక్ రాక్ అనే మాట ఏదో పాత పత్రికలో చూసి మాకు చెప్పింది కూడా వాడే. సంగీతం రాకపోయినా ఫరవాలేదట, కోపం ఉంటే చాలట. ఆ మాట వినగానే ఇది మనకోసమే పుట్టిందనుకున్నాం. పాడేది నేను. నన్ను కాకి అనేవాళ్ళు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

ఆదివారం మధ్యాహ్నాలు షెడ్డు మూసేసి లోపల సాధన చేసేవాళ్ళం. పక్కనే కుట్టుమిషన్లు పెట్టుకున్న ఒక పెద్దాయన గోడ మీద కత్తెరతో కొట్టేవాడు. ఆ చప్పుడుకి తాళం కలిసేటట్టు బకెట్ వాయించేవాడు, దాంతో ఆయనకి ఇంకా ఒళ్ళు మండేది. మొదటిసారి బస్ స్టాండు వెనక ఖాళీ స్థలంలో పాడాం. ఏడుగురు విన్నారు. అందులో ఇద్దరు బస్సు కోసం చూస్తున్నవాళ్ళు, బస్సు రాగానే పాట సగంలో ఎక్కేశారు. అయినా మేం ఆకాశంలో తేలుతూ ఇంటికెళ్ళాం. నీళ్ళ కొళాయిల మీదా, కాలేజీ ప్రిన్సిపాల్ మీసాల మీదా, కరెంటాఫీసు మీదా పాటలు కట్టాం. ఒక్కటీ గుర్తుంచుకోదగ్గది కాదు. గుర్తుండిపోయింది ఒకటే.

మా ఊళ్ళో పెద్ద లాండ్రీ ఉంది. ఆసుపత్రుల దుప్పట్లూ, హోటళ్ళ దుప్పట్లూ లారీల్లో వచ్చి, ఉతికి, ఇస్త్రీ అయి తిరిగి వెళ్తాయి. అమ్మ అందులో ఇస్త్రీ రోలర్ దగ్గర పనిచేసేది. రోలర్ అంటే ఆవిరి వేడికి కాలుతూ తిరిగే పెద్ద ఇనప దిమ్మ. ఇద్దరు ఆడవాళ్ళు తడి దుప్పటిని చెరో మూలా పట్టుకుని, సాగదీసి, దాని కిందికి అందిస్తారు. అవతలి వైపు అది ఒక్క ముడత లేకుండా పొడిగా వస్తుంది. చేతులు లోపలికి పోకుండా ముందు ఒక అడ్డకమ్మీ ఉంటుంది. దానికి వేలు తగిలినా మిషన్ ఆగిపోవాలి. దుప్పటి ముడతలు తగిలి కూడా ఊరికే ఆగిపోతోందనీ, పని సాగడం లేదనీ సూపర్‌వైజరు ఆ కమ్మీని తీగతో పైకి కట్టించాడు. నెల తిరక్కముందే అమ్మ కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఆసుపత్రిలో మూడో రోజు అమ్మ కళ్ళు తెరిచింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. కుడివైపు మోచేతి దాకా కట్టు. నన్ను దగ్గరికి రమ్మని కళ్ళతో పిలిచింది. చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను. "దుప్పటికేం కాలేదు కదా?" అంది.

నా ఒళ్ళంతా భగ్గుమంది. చెయ్యి పోయిన మనిషి, మూడు రోజుల తరవాత నోరు తెరిచి అడిగే మొదటి మాట కంపెనీ దుప్పటి గురించా? ఇంత భయం ఎక్కించారా ఈ మనిషికి? ఆమెకి జవాబు కూడా చెప్పలేదు నేను. లేచి, మెట్లు దిగి, షెడ్డు దాకా పరిగెత్తాను. మెకానిక్ ఏదో ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. చెప్పాను. మిగతా ఇద్దరినీ పిలిపించాడు. అరగంటలో పాట వచ్చేసింది.

రోలరు తిరిగింది సారూ,
కమ్మీ కట్టింది మీరే సారూ,
నా చేతి సంగతి వదిలేయండి,
దుప్పటికేం కాలేదు కదా?

అంతే. ఇంకో రెండు చరణాలున్నాయి గానీ అవి ఎవరికీ పట్టలేదు. ఆ చివరి మాట నేను మొదట అమ్మ అన్నట్టే గుసగుసగా అనేదాన్ని, తరవాత గొంతు పగిలేలా అరిచేదాన్ని. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారే వేళ లాండ్రీ గేటు ముందు ఒక చిన్న ట్రక్కు ఎక్కి పాడాం. లోపలికి వెళ్ళాల్సిన ఆడవాళ్ళు ఆగిపోయారు. బయటికి రావాల్సినవాళ్ళు గేటు పట్టుకుని నిలబడిపోయారు. ఆ చివరి మాట మూడోసారి వచ్చేసరికి వాళ్ళే అందుకున్నారు. పోలీసులొచ్చి డ్రమ్ములు పట్టుకుపోయారు, బకెట్ ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడింది. కానీ వారం తిరిగేసరికి ఊళ్ళో ఎక్కడ చూసినా అదే పాట. టీ కొట్టు దగ్గర, బడి గోడల మీద, బస్సుల్లో. పదిహేనో రోజుకి రోలర్ల మీద తీగలన్నీ విప్పేశారు. సూపర్‌వైజరు ఎటో బదిలీ అయిపోయాడు. అమ్మకి బట్టలు ఏరి వేరుచేసే పనీ, గేటుకి ఎదురుగా ఉన్న కంపెనీ క్వార్టర్స్‌లో రెండో అంతస్తులో బతికినంతకాలం ఉండడానికి ఒక గదీ ఇచ్చారు. మేం గెలిచాం. ఇప్పటికీ ఆ మాట అబద్ధమని అనలేను.

ఇక్కడ మేం చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పాలి. ఆ పాటని క్యాసెట్టుగా వేస్తామని ఎవరో కంపెనీవాళ్ళు వచ్చి, హక్కులు మాకు రాసివ్వండన్నారు. మెకానిక్ వాళ్ళని షెడ్డులోంచి తరిమేశాడు. పాటకి హక్కులేమిటి, పాట ఎవడబ్బ సొత్తు అని ఆ రాత్రంతా వాదించుకున్నాం. చివరికి ప్రెస్సు ఒక కాగితం రాశాడు. "ఈ పాటలు ఎవరివీ కావు. ఎవరైనా పాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మమ్మల్ని అడగొద్దు. అడిగితే తిడతాం." అక్కడితో ఆగినా బాగుండేది. గాలిమాటగా మిగిలిపోకూడదని, నలుగురం కలిసి వెళ్ళి దాన్ని స్టాంపు కాగితం మీద టైపు చేయించి, నోటరీతో ముద్ర వేయించాం. ఏ చట్టాన్నీ లెక్కచేయమని ఊరేగినవాళ్ళం, ఆ సంగతిని చట్టప్రకారం రిజిస్టరు చేయించుకున్నాం. నోటరీ గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, మా నలుగురి మొహాలూ చూసి, "ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పే వచ్చారా?" అని అడిగాడు.

తరవాత బృందం విడిపోయింది. గొడవలేం లేవు. ప్రెస్సుకి వేరే ఊళ్ళో పని దొరికింది, బకెట్ రంగులు వేసే పనిలో పడ్డాడు, నేను బస్ స్టాండులో అనౌన్సరుగా చేరాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం నా ఉద్యోగం. కాకి గొంతు అక్కడ బాగా పనికొచ్చింది. ప్రెస్సు పోయి ఏడేళ్ళయింది. పాట మాత్రం పోలేదు, ప్రతి నాలుగైదేళ్ళకీ ఎవరో కుర్రాళ్ళు దాన్ని కొత్తగా దొరికినట్టు పాడుకుంటూ ఉంటారు.

ఆరు నెలల కిందట, నా సెలవు రోజున అమ్మ గదిలో కూర్చుని ఉన్నాను. సరిగ్గా రెండింటికి లాండ్రీ గేటు మీద కొత్తగా పెట్టిన లౌడ్‌స్పీకర్లలోంచి వేణువు మోగింది. తరవాత చిన్నపిల్లల గొంతులు. రాగం మాది. నెమ్మదిగా, తియ్యగా, జోలపాటలా చేసిపెట్టారు.

మాకు పంపండి సారూ,
మల్లెపువ్వులా ఇస్తాం సారూ,
ఏ మరకైనా ఫరవాలేదు,
దుప్పటికేం కాదు, ఏం కాదు!

నేను కూర్చున్నచోటే బిగుసుకుపోయాను. అమ్మ లేచి ఎడంచేత్తో కిటికీ మూసింది. లోపలికి వెళ్ళి కొళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళ చప్పుడులో పాట వినపడలేదు. షిఫ్టు మారినప్పుడల్లా వేస్తున్నారట, రోజుకి మూడుసార్లు. ఆమె చెయ్యి తిన్న మిషన్ ఎదురుగానే, ఆమె అన్న మాటని అమ్మకం పాటగా చేసి, రోజుకి మూడుసార్లు ఆమె చెవుల్లో పోస్తున్నారు. ఏం చేసైనా సరే ఆపిస్తానని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

ముందు లాండ్రీ మేనేజరు దగ్గరికి వెళ్ళాను. నలభై దాటిన మనిషి. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అక్కా, మీరా! చిన్నప్పుడు మా అన్నయ్య భుజాలెక్కి మీ పాట విన్నాను. ఈ గేటు దగ్గరే. ఇదంతా నా ఆలోచనే, తెలుసా? మన ఊరి పాట, మన కంపెనీ పాట కావాలని."

తిడదామని నోటినిండా తెచ్చుకున్న మాటలు ఎటుపోయాయో తెలియదు. అతను నిజంగానే సంతోషపడుతున్నాడు. పాట ఆపమన్నాను. అమ్మ ఎదురుగానే ఉంటుందని చెప్పాను.

"అక్కా, హెడ్డాఫీసు వాళ్ళు ముందే వకీళ్ళకి చూపించారు. మీరు రాసిచ్చిన కాగితం ఉంది కదా, అది మా ఫైల్లోనే ఉంది. మార్చుకోవచ్చని మీరే రాశారు. నేను ఆపుదామన్నా, అన్ని ఊళ్ళకీ ఇదే పాట వెళ్ళిపోయింది." తరవాత ఊరటగా ఉంటుందనుకున్నాడేమో, "ఇప్పుడు రోలర్లకి కమ్మీలు కూడా లేవక్కా. అన్నీ సెన్సార్లే. చెయ్యి దగ్గరికొస్తే చాలు, దానంతటదే ఆగిపోతుంది. అమ్మగారిని ఒకసారి తీసుకురండి, చూపిస్తాను," అన్నాడు.

వకీలు దగ్గరికీ వెళ్ళాను. ఆవిడ మా కాగితాన్ని వెలుగులో పెట్టి, ముద్ర చూసి, నవ్వాపుకుంది.

"ఏమ్మా, ఇంత గట్టిగా ఎవరు రాశారు దీన్ని?"

"మా ప్రెస్సు అండి. పోయాడు."

"తెలివైనవాడే. నా ఇరవయ్యేళ్ళ ప్రాక్టీసులో ఒక్క సందు కూడా లేని కాగితం ఇదొక్కటే చూశాను. అమ్ముకోవచ్చు అనే మాట దేనికమ్మా రాయడం?"

పంతొమ్మిదేళ్ళ వయసులో ఏ మాట దేనికి రాస్తామో ఎవరికి తెలుసు. ఉత్తరాలు రాశాను, కంపెనీ వాళ్ళకి, పత్రికల వాళ్ళకి, ఆఖరికి ఆ పాట పాడిన పిల్లల బడికి కూడా. కంపెనీ నుంచి ఒక జవాబొచ్చింది. మీ అభిమానానికి కృతజ్ఞతలు అని.

అప్పుడే గుండు వచ్చింది. గుండు అంటే నున్నగా గుండు గీయించుకున్న ఇరవయ్యొక్కేళ్ళ పిల్ల, 'తుప్పు' అని ఒక కొత్త బృందం నడుపుతోంది. మెకానిక్ షెడ్డుకి బైకు బాగుచేయించుకోవడానికి వచ్చి, వాడి నోట ఈ సంగతంతా విని, వాణ్ణీ బకెట్‌నీ వెంటేసుకుని బస్ స్టాండులో నా గది ముందు దిగింది.

"అక్కా, వాళ్ళు ఆపరు. ఆపకపోతే పోనీ. ఆదివారం రెండింటికి వాళ్ళ స్పీకర్లు మోగే టైముకి గేటు దగ్గర అసలు పాట పాడదాం. రెండొందల మందిని తీసుకొస్తాను. వాళ్ళ వేణువు ఎవడికి వినపడుతుందో చూద్దాం."

బకెట్ కళ్ళలో మెరుపు నేను ముప్ఫయ్యేళ్ళ తరవాత చూశాను. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని మనిషి, "డ్రమ్ములు నేనే తెస్తాను," అన్నాడు. నాక్కూడా రక్తం మరిగింది. సరే అన్నాను. ఆ సరే అన్నదాన్ని నేనే.

గురువారం ఈ కబురు చెబుదామని అమ్మ దగ్గరికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఒక మూల గడ్డం కింద నొక్కిపెట్టుకుని, ఎడంచేత్తో రెండో మూల తెచ్చి కలుపుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, సాయం చేయబోతే ఇప్పటికీ ఒప్పుకోదు.

"ఆదివారం గేటు దగ్గర మన పాట పాడుతున్నారమ్మా. అసలు పాట. రెండొందల మంది వస్తున్నారు."

గడ్డం కింద తువ్వాలు జారి ఒళ్ళో పడింది.

"ఎందుకు?"

"ఎందుకేంటమ్మా? రోజుకి మూడుసార్లు ఆ దిక్కుమాలిన పాట వినలేక కిటికీ మూసుకుంటున్నావు కదా."

"లారీలొచ్చే టైము కదే అది. దుమ్మంతా లోపలికొస్తుంది."

"మరి కొళాయి తిప్పి వదిలేస్తావు?"

"రెండింటికే కదా నీళ్ళు వదిలేది. బకెట్లు పట్టుకోవద్దూ?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె తువ్వాలు తీసి మళ్ళీ మొదలుపెట్టింది.

"అంటే ఆ పాట నిన్ను బాధపెట్టట్లేదా?"

"అందులో నేను లేనుగా. సబ్బు గురించీ మరకల గురించీ ఏదో పాడుతున్నారు. పిల్లల గొంతులు బాగానే ఉన్నాయి." ఇంకో తువ్వాలు అందుకుంది. "నేనుండేది మీ పాటలోనే."

ఆమె ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడదు. ఆ రోజూ పెంచలేదు. తువ్వాళ్ళు మడతపెడుతూనే చెప్పింది. కొట్టుకెళ్తే పిల్లలు వెనకాల వరసకట్టి ఆ మాట పాడేవాళ్ళట. వాళ్ళ తప్పేం లేదు, ముద్దుగానే పాడేవాళ్ళట. ఏ కొట్టువాడు చిల్లర చేతిలో పెట్టినా ముందు చెయ్యి లేని వైపు చూసి, నవ్వి, "మీరేనా అమ్మా ఆవిడ?" అనేవాడట. లాండ్రీలో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఈవిణ్ణి చూపించేవాళ్ళట. ఒక పదేళ్ళు తలుపు తీసి బయటికి వెళ్ళాలంటేనే భయమేసేదట.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే మానేసేదానివా?"

మానేసేదాన్ని కాదు. ఆ రోజుల్లో నన్ను ఎవరూ ఆపలేకపోయేవాళ్ళు, అదే నా గొప్ప అనుకునేదాన్ని.

"నువ్వప్పుడు ఎంత వెలిగిపోతూ ఉండేదానివో. కమ్మీలు కూడా దిగాయి, పదిమందికి మంచి జరిగింది. ఇంక నేనేం అంటాను చెప్పు?"

"నువ్వు కంపెనీకి భయపడి ఆ మాట అడిగావనుకున్నాను. చెయ్యి పోయినా దుప్పటి గురించి అడిగేంత భయం పెట్టారని..."

"చెయ్యి పోయిందని నాకేం తెలుసే అప్పుడు?" అంది అమ్మ. మొదటిసారి తువ్వాళ్ళు పక్కన పెట్టింది. "మందు మత్తు, పెద్ద కట్టు, ఏమీ తెలియట్లేదు. చెయ్యుందా లేదా అని అడగడానికి ధైర్యం చాల్లేదు. అందుకని దుప్పటి గురించి అడిగాను. దుప్పటికేం కాలేదంటే, నాకూ ఏం కాలేదనుకోవచ్చని. నువ్వు ఏదో ఒకటి చెప్తావని చూశాను. నువ్వేమో లేచి పరిగెత్తావు. సాయంత్రం కట్టు మార్చడానికొచ్చిన నర్సు చెప్పింది."

ఆ మాట అమ్మ నా చెవిలో చెప్పింది, నాకొక్కదానికే. నేను దాన్ని తీసుకెళ్ళి ఊరికిచ్చాను. కంపెనీ మా పాట దొంగిలించిందని ఆరు నెలలుగా ఊరంతా తిరిగి గగ్గోలు పెడుతున్నదాన్ని, ముందు దొంగిలించింది నేనే. ఆమె కాళ్ళు పట్టుకున్నాను. కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఏడవకు. ఆదివారం మాత్రం వద్దని చెప్పు. కుదిరితేనే."

ముప్ఫై రెండేళ్ళలో ఆమె నన్నడిగింది అదొక్కటే. అది కూడా కుదిరితేనే అంది.

ఆ సాయంత్రమే గుండు దగ్గరికి వెళ్ళాను. ఒక డాబా మీద కుర్రాళ్ళంతా పోస్టర్లు ఆరబెడుతున్నారు. పోస్టరు నిండా మా కాగితమే, ప్రెస్సు రాసిన నాలుగు వాక్యాలూ పెద్ద అక్షరాల్లో. ఆదివారం వద్దన్నాను. అమ్మకి ఇష్టం లేదన్నాను.

"అమ్మగారిని ఎవరైనా బెదిరించారా అక్కా?"

"ఎవరూ బెదిరించలేదు. ఆమెకి మొదటి నుంచీ ఇష్టం లేదట. నాకే తెలియలేదు."

గుండు పాపం నా మొహంలోకి జాలిగా చూసింది. నేను భయపడ్డాననుకుందో, ముసలిదాన్నయ్యాననుకుందో. పోస్టరు పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"అక్కా, మా పిన్ని ఆ రోలర్ దగ్గరే పనిచేస్తోంది. ఆ సెన్సార్లు ఉన్నాయి చూశారా, మాటిమాటికీ ఆగిపోతున్నాయని రోజూ నాలుగు గంటలు ఆఫ్ చేసి నడుపుతున్నారు. ఎవరూ నోరు విప్పట్లేదు. పిన్ని చెయ్యి పోయాక కొత్త పాట కట్టమంటారా?"

నా నోట్లోంచి వచ్చినట్టే ఉన్నాయి ఆ మాటలు. పంతొమ్మిదేళ్ళప్పుడు నన్నెవరైనా ఇలా ఆపబోతే నేనూ ఇదే అనేదాన్ని. పైగా ఆ పిల్ల చెప్పింది నిజం. "పోనీ ఆ మాట తీసేసి పాడండి," అన్నాను. "ఆ మాట తీస్తే ఇంకేముందక్కా అందులో?" అంది మెల్లగా. అదీ నిజమే. వద్దనే హక్కు నాకు ఎలాగూ లేదు. ఎదురుగా పోస్టరు మీద రాసే ఉంది, అడిగితే తిడతామని. ఆ పిల్ల తిట్టలేదు, మర్యాదగా మెట్ల దాకా వచ్చి దిగబెట్టింది.

మెకానిక్ తల దించుకుని విన్నాడు గానీ, బకెట్ వినలేదు.

"ఆ పాట కోసం నా ఉద్యోగం పోయింది కాకీ. ముప్ఫై రెండేళ్ళు నిచ్చెనల మీద గోడలకి సున్నం కొట్టాను. ఒక్క రోజు కూడా బాధపడలేదు, ఎందుకో తెలుసా? ఒక్క మంచిపని చేశానని. ఇప్పుడొచ్చి అది తప్పంటే నేనేమైపోవాలే?"



ఇక మిగిలింది ఒకటే, ఆదివారం రెండు కొట్టకముందే అమ్మని మా ఇంటికి తీసుకెళ్ళిపోవడం. అమ్మ ఒప్పుకుంది. చిన్న సంచిలో ఒక జత బట్టలూ తువ్వాలూ సర్దుకుంది. పన్నెండింటి బస్సుకి బయల్దేరదామని తలుపు తీశాను. మెట్ల మీద కింది దాకా పిల్లలే. ఎప్పుడు వచ్చారో ఏమో, చప్పుడు చేయకుండా కూర్చుని ఉన్నారు. అమ్మని చూడగానే అందరూ ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక పిల్ల కళ్ళనిండా నీళ్ళతో, "మీకోసమే వచ్చామండీ," అంది. అమ్మ ఆ పిల్లకేసి నవ్వి, రెండడుగులు వెనక్కి వేసి లోపలికి వచ్చేసింది. సంచి మంచం మీద పెట్టింది.

"వీళ్ళని తోసుకుని ఎలా పోతాం? బాగోదు," అంది.

రెండింటికి స్పీకర్లలో వేణువు మొదలైంది, బకెట్ డ్రమ్ముల కింద నాలుగు క్షణాల్లో నలిగిపోయింది. కిటికీ మూసేశాను, పాట గోడల్లోంచి వచ్చింది. షిఫ్టు దిగిన ఆడవాళ్ళు గేటు దగ్గర ఆగిపోయి ఉంటారు, వాళ్ళ గొంతులూ కలిశాయి. నాకు ఒళ్ళు జలదరించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా పాట గొప్పగా ఉందనిపించింది. అంతలో కింద నుంచి కేకలు మొదలయ్యాయి. అమ్మా, ఒక్కసారి, ఒక్కసారి కనబడండి అని.

అమ్మ లేచి జుట్టు సవరించుకుంది.

"వద్దమ్మా. నేను వెళ్ళి చెప్తాను."

"ఏం చెప్తావు? ఇంతమంది వచ్చారు, కనబడకపోతే నీకు మాటొస్తుంది," అని తనే వెళ్ళి కిటికీ తెరిచింది.

రోడ్డంతా జనం. ఆమెని చూడగానే ఒక్కసారి హోరెత్తింది. అప్పుడు అందరూ కలిసి ఒక పని చేశారు. ఇది మా రోజుల్లో లేదు, ఈ పిల్లలే కనిపెట్టుకున్నారట. రెండొందల మందీ కుడిచెయ్యి చొక్కా లోపలికి లాక్కుని, ఖాళీ చొక్కాచేతుల్ని ఎడంచేత్తో పైకెత్తి మా కిటికీ వైపు ఊపారు.

"అదేంటే వాళ్ళు చేసేది?" అంది అమ్మ. ఒక నిమిషానికి ఆమెకే అర్థమైంది. కుడిచేతిని కిటికీ పక్క గోడ చాటుకి జరుపుకుని, ఎడంచెయ్యి ఎత్తి వాళ్ళకేసి ఊపింది. ఫొటోకి నవ్వినట్టు నవ్వుతూ నిలబడింది.

గుండు మైకు పైకెత్తి నాకు చూపిస్తూ, "అక్కా, ఆ మాట మీరనండి!" అని అరిచింది. అందరూ ఒక్కసారి ఆపేశారు. రెండొందల మొహాలు నా నోటి వైపు చూస్తున్నాయి. వద్దు, వెళ్ళిపోండి అందామని నోరు తెరిచాను. మాటకంటే ముందు ఏడుపొచ్చేసింది. వాళ్ళు దాన్ని ఇంకోలా అనుకున్నారు. నా కళ్ళనీళ్ళు చూసి ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, నా బదులు వాళ్ళే అందుకున్నారు. మేం నాలుగుసార్లతో ఆపేవాళ్ళం. వీళ్ళు ఆపలేదు. దుప్పటికేం కాలేదు కదా, దుప్పటికేం కాలేదు కదా అని, ఒక్కోసారి ఇంకాస్త గట్టిగా.

అమ్మ ఎత్తిన చేతిని కిటికీ చట్రానికి ఆనించుకుంది. దించితే వాళ్ళు ఏమనుకుంటారోనని దించలేదు. నవ్వు చెదరకుండా, నా వైపు తల తిప్పకుండా అడిగింది.

"ఇంకా ఎంతసేపే?"

"తెలీదమ్మా," అన్నాను.